పోకెమాన్ టీసీజీ పాకెట్ కొత్తగా మొదలుపెట్టారా? మొదటి డెక్, ప్యాక్‌లు, ట్రేడింగ్ ఎలా

పోకెమాన్ టీసీజీ పాకెట్ ఫోన్‌లో ఆడే కార్డుల ఆట. కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఏ ప్యాక్ ఓపెన్ చేయాలి? డబ్బులు పెట్టకుండా ఆడొచ్చా? ఇంత మంచి కార్డులున్నాయి, అయినా ఎందుకు ఓడిపోతున్నాను? మూడింటికీ మూలం ఒక్కటే. ఈ గేమ్‌లో కార్డులు పోగేయడం ఒక పని, డెక్ (ఆటకు తీసుకెళ్లే కార్డుల కట్ట) కట్టడం వేరే పని. మొదటిది అదృష్టం మీద నడుస్తుంది, రెండోది మీ చేతిలో ఉంది. మొదటి నెలంతా రెండోదాని కోసం మొదటిదాన్ని వాడుకోండి.

గేమ్ 2024 అక్టోబర్ 30న ప్రపంచవ్యాప్తంగా విడుదలైంది. తెలుగు భాష లేదు, ఇంగ్లీషులో ఆడాల్సిందే. కాబట్టి కార్డుల పేర్లు, బటన్ల పేర్లు ఇక్కడ కూడా అలాగే ఉంచుతున్నాం.

కావలసినవి

ఫోన్‌లో రెండు మూడు జీబీ ఖాళీ, తెగిపోని ఇంటర్నెట్. ఆట మధ్యలో నెట్ పోతే గెలిచే ఆట కూడా చేజారుతుంది.

ఒక గూగుల్, యాపిల్ లేదా నింటెండో అకౌంట్. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. డబ్బు అవసరం లేదు.

ఆడే ముందు తెలియాల్సిన నియమాలు

టేబుల్ మీద ఆడే అసలు పోకెమాన్ కార్డుల ఆట తెలిసినవాళ్లు ఇక్కడే తికమక పడతారు. ఇది దాని పొట్టి రూపం. డెక్‌లో 20 కార్డులే. ఒకే పేరున్న కార్డు రెండుకు మించకూడదు. చేతికి ముందు 5 కార్డులు వస్తాయి, వాటిలో కనీసం ఒక బేసిక్ పోకెమాన్ (నేరుగా ఆడగలిగేది) ఖాయంగా ఉంటుంది. ముందు ఒకటి, వెనక బెంచ్ మీద మూడు, అంతే చోటు.

దెబ్బ కొట్టడానికి కావలసిన ఎనర్జీకి డెక్‌లో కార్డులు పెట్టరు. టర్న్‌కు ఒక ఎనర్జీ అదే వస్తుంది. ఈ టర్న్‌లో వాడకుండా ఉంచి వచ్చే టర్న్‌లో రెండు పెడదామంటే కుదరదు. మొదట ఆడేవారికి మొదటి టర్న్‌లో ఎనర్జీ రాదు. ఎవరికైనా తమ మొదటి టర్న్‌లో ఎవాల్వ్ చేసే (పోకెమాన్‌ను దాని తర్వాతి రూపానికి మార్చే) వీలు లేదు.

ముందు 3 పాయింట్లు చేసినవారు గెలిచినట్టు. మామూలు పోకెమాన్‌ను పడగొడితే 1, పేరు చివర ఈఎక్స్ ఉన్నదాన్ని పడగొడితే 2, మెగా ఈఎక్స్‌ను పడగొడితే 3. కొట్టే రకానికి ఎదుటి పోకెమాన్‌కు వీక్‌నెస్ (బలహీనత) ఉంటే దెబ్బకు 20 కలుస్తుంది. కార్డులు అయిపోయినంత మాత్రాన ఓడిపోరు. ఇక మీదట కార్డు రాదు, అంతే.

1. ముందు అకౌంట్ లింక్ చేయండి

గేమ్ తెరిచిన రోజే, మొదటి ప్యాక్‌ల హడావుడి తగ్గగానే, మెనూలో అకౌంట్ లింక్ చేసే చోటికి వెళ్లి గూగుల్, యాపిల్ లేదా నింటెండో అకౌంట్‌తో కలపండి. ఫోన్ పోయినా, పాడైనా, రీసెట్ చేసినా లింక్ లేని కార్డులు తిరిగి తెచ్చుకోవడం గగనం. ఏ అకౌంట్‌తో కలిపారో గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఒకే ఫోన్‌లో నాలుగు జీమెయిళ్లు ఉండటం మనకు మామూలే, తర్వాత ఏది వాడామో తెలియక తల పట్టుకోవడమూ మామూలే.

ఫోన్ పిల్లల చేతికి ఇస్తుంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి.

2. ఒక్క ప్యాక్‌నే పట్టుకోండి

ఉచితంగా 12 గంటలకు ఒక ప్యాక్ వస్తుంది. రెండు ప్యాక్‌ల వరకే జమ అవుతాయి. అంటే 24 గంటలు తెరవకపోతే ఆపైన గడిచే సమయమంతా వృథా. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అని పెట్టుకుంటే చాలు.

మొదట్లో మిషన్లు, లెవెల్ పెరగడం వల్ల ప్యాక్ హవర్‌గ్లాస్‌లు బాగా వస్తాయి. ఒక్కోటి ఒక గంట తగ్గిస్తుంది. 12 ఉంటే ఒక ప్యాక్. మొదటి డెక్ కుదిరేదాకా వీటిని దాచకండి, కానీ అన్నీ ఒకే రకం ప్యాక్ మీద పెట్టండి. డెక్ కుదిరాక మాత్రం దాచడం మొదలుపెట్టండి. కొత్త సెట్లు వస్తూనే ఉంటాయి, అప్పుడు పనికొస్తాయి.

ఒకే ప్యాక్ ఎందుకో లెక్క చూడండి. మొదటి సెట్ జెనెటిక్ ఏపెక్స్‌లో చరిజార్డ్, మ్యూటూ, పికాచూ అని మూడు రకాల ప్యాక్‌లు. ప్యాక్‌లో 5 కార్డులు. కార్డు మీది డైమండ్లు, నక్షత్రాలు అది ఎంత అరుదో చెప్తాయి. మొదటి మూడూ ఒక డైమండ్ కార్డులే, మంచివి వచ్చేది నాలుగు, ఐదు స్థానాల్లోనే. నాలుగు డైమండ్ల ఈఎక్స్ కార్డు ఏదో ఒకటి దొరికే అవకాశం ప్యాక్‌కు సుమారు 8 శాతం. మీకు కావలసిన ఫలానా ఈఎక్స్ దొరికే అవకాశం సుమారు 1.7 శాతం, అంటే సగటున 60 ప్యాక్‌లకు ఒకటి. మూడు రకాలూ మార్చిమార్చి తెరిస్తే మూడు డెక్‌ల ముక్కలు వస్తాయి, ఒక్క డెక్ కూడా రాదు.

ఈ శాతాలు గేమ్‌లోనే చూడొచ్చు. ప్యాక్ తెరిచే తెరలో ఆఫరింగ్ రేట్స్ అని ఉంటుంది. కొత్త సెట్ మీద హవర్‌గ్లాస్‌లు పెట్టే ముందు అది తెరిచి మీకు కావలసిన కార్డు ఏ ప్యాక్‌లో ఉందో నిర్ధారించుకోండి. సెట్ పేరు చూసి తెరిచి, కార్డు పక్క ప్యాక్‌లో ఉందని తర్వాత తెలుసుకునేవాళ్లు ఎందరో.

3. ప్యాక్ పాయింట్లకు తాళం వేయండి

ప్రతి ప్యాక్‌కు 5 పాయింట్లు. వాటితో కావలసిన కార్డు నేరుగా తీసుకోవచ్చు: ఒక డైమండ్‌కు 35, రెండింటికి 70, మూడింటికి 150, నాలుగింటికి 500. ఒక సెట్‌లో సంపాదించిన పాయింట్లు ఆ సెట్‌కే చెల్లుతాయి.

ఉచిత ప్యాక్‌లతో రోజుకు 10 పాయింట్లు. ఒక ఈఎక్స్‌కు 500 అంటే 50 రోజుల పొదుపు. "35యే కదా" అని రోజూ ఒక చిన్న కార్డు కొంటూ పోతే ఆ రోజు ఎప్పటికీ రాదు. ఒకటి, రెండు డైమండ్ల కార్డుల మీద పాయింట్లు పెట్టకండి, అవి ఎలాగూ వస్తాయి. డెక్‌కు కీలకమైన ఈఎక్స్ ఒకటి వచ్చి రెండోది మొరాయిస్తున్నప్పుడే ఈ గల్లాపెట్టె తెరవాలి.

నక్షత్రాలున్న అందమైన బొమ్మల కార్డుల మీద పాయింట్లు పెట్టడం కొత్తవాళ్లకు వద్దు. రెండు నక్షత్రాలకు 1250 పాయింట్లు. ఆటలో మాత్రం ఆ పికాచూ ఈఎక్స్‌కూ నాలుగు డైమండ్ల పికాచూ ఈఎక్స్‌కూ తేడా ఏమీ లేదు, అదే దెబ్బ, అదే హెచ్‌పీ (తట్టుకునే శక్తి).

4. వండర్ పిక్‌లో ఏం ఎంచుకోవాలి

ఎవరో తెరిచిన ప్యాక్‌లోని 5 కార్డులు చూపించి, తిరగేసి కలిపి, ఒకటి ఎంచుకోమంటుంది. ఎక్కడ తాకినా 20 శాతమే. కార్డులు తిరుగుతుంటే కళ్లతో వెంటాడటం, ఫలానా మూల నుంచి తీస్తే వస్తుందనడం, అదంతా కాలక్షేపం.

వండర్ స్టామినా 12 గంటలకు ఒకటి వస్తుంది, 5 దాకా నిలుస్తుంది. మంచి కార్డున్న పిక్‌కు ఎక్కువ స్టామినా అడుగుతుంది. నియమం సులభం: ఆ ఐదింటిలో మీ డెక్‌కు పనికొచ్చేవి ఎన్ని? ఒక్క ఈఎక్స్ మెరుస్తూ మిగతా నాలుగూ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, ఐదులో నాలుగుసార్లు చేతికి వచ్చేది చిత్తుకాగితమే. ఒక స్టామినాతో దొరికే పిక్‌లో మీకు లేని కార్డులు మూడుంటే అది మంచి బేరం. ఉచితంగా వచ్చే బోనస్ పిక్‌లు మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి.

5. ముందు షాప్‌లోని ట్రెయినర్ కార్డులు తీసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే. షాప్ టికెట్లతో ప్రోమో ట్రెయినర్ కార్డులు (పోకెమాన్‌లు కాకుండా ఆటలో సాయపడేవి) దొరుకుతాయి. ఈ క్రమంలో తీసుకోండి:

ప్రొఫెసర్స్ రీసెర్చ్ 2: రెండు కార్డులు తీసుకునే సపోర్టర్.
పోకే బాల్ 2: డెక్ నుంచి ఏదో ఒక బేసిక్ పోకెమాన్‌ను చేతికి తెస్తుంది.
ఎక్స్ స్పీడ్ 2: రిట్రీట్ (ముందున్న పోకెమాన్‌ను బెంచ్‌కు తీసుకెళ్లడం) ఖర్చు ఒకటి తగ్గిస్తుంది.
పోషన్ 2: 20 హెచ్‌పీ నయం.

రీసెర్చ్ రెండు, పోకే బాల్ రెండు లేని డెక్, అందులో ఎన్ని ఈఎక్స్‌లున్నా కుంటి గుర్రమే. ఇవి కొనకముందు టికెట్లు బొమ్మలకూ అలంకారాలకూ పెట్టకండి.

6. మొదటి డెక్ కట్టండి

గేమ్ మొదట్లో కొన్ని రెంటల్ డెక్‌లు ఇస్తుంది. అవి కొన్ని ఆటలకే, కాబట్టి ఏ రకం ఆట మీకు నచ్చుతుందో తెలుసుకోవడానికి వాడండి. తర్వాత సొంత డెక్‌కు ఈ కొలత పెట్టుకోండి: పోకెమాన్‌లు 8 నుంచి 10, ట్రెయినర్ కార్డులు 10 నుంచి 12, ఎనర్జీ రకం ఒక్కటి.

ఎనర్జీ మూడు రకాల దాకా పెట్టొచ్చని గేమ్ ఊరిస్తుంది. వద్దు. రెండు రకాలు పెడితే ప్రతి టర్న్‌కూ ఏది వస్తుందో లాటరీ. నిప్పు కావలసినప్పుడు నీరు వస్తే ఆ టర్న్ పోయినట్టే, 20 కార్డుల ఆటలో ఒక టర్న్ పోవడం చిన్న నష్టం కాదు.

పికాచూ ప్యాక్ పట్టుకున్నవారికి ఒక మాదిరి డెక్:

పికాచూ ఈఎక్స్ 2
జాప్‌డాస్ ఈఎక్స్ 2
బ్లిట్జిల్ 2
జెబ్‌స్ట్రైకా 2
ప్రొఫెసర్స్ రీసెర్చ్ 2
పోకే బాల్ 2
ఎక్స్ స్పీడ్ 2
పోషన్ 2
సబ్రీనా 2
జియోవానీ 2

పికాచూ ఈఎక్స్ దెబ్బకు 2 ఎనర్జీలు చాలు. బెంచ్ మీద ఉన్న ఒక్కో లైట్నింగ్ పోకెమాన్‌కు 30 చొప్పున, బెంచ్ నిండితే 90. అందుకే ఈ డెక్‌లో బెంచ్‌కు వేరే రకం పోకెమాన్ ఎక్కితే 30 పోయినట్టే.

సబ్రీనా, జియోవానీ (దెబ్బకు 10 కలిపేది) సపోర్టర్ కార్డులు, వేరే ప్యాక్‌లలో ఉంటాయి. దొరికేదాకా వాటి స్థానంలో రెడ్ కార్డ్ లాంటి షాప్ కార్డులు పెట్టుకోండి. పికాచూ ఈఎక్స్ ఒక్కటే ఉంటే రెండో స్థానంలో ఎలక్ట్రోడ్ జతలాంటి లైట్నింగ్ పోకెమాన్‌ను సర్దండి. 2024 నాటి ఈ డెక్ ఇప్పటి ర్యాంక్డ్ మ్యాచ్‌లలో పెద్ద పులి కాదు. నేర్చుకోవడానికీ, సోలో ఆటలు గెలిచి హవర్‌గ్లాస్‌లు రాబట్టడానికీ ఇంతకన్నా సులువైనది తక్కువ.

రెండుసార్లు ఎవాల్వ్ అయ్యే చరిజార్డ్ ఈఎక్స్ లాంటివి మొదటి డెక్‌గా ఎందుకు వద్దంటే: రెండు ప్రతులున్న ఒక కార్డు మొదటి 5 కార్డుల్లో ఉండే అవకాశం సుమారు 45 శాతం, మొదటి 8 కార్డులు చూసేసరికి సుమారు 65 శాతం. ఒకే ప్రతి ఉంటే అది 25, 40 శాతాలకు పడిపోతుంది. బేసిక్, మధ్యది, చివరిది మూడూ వరుసగా రావాలంటే ఈ శాతాలన్నీ కలిసిరావాలి. చివరిది చేతిలో పట్టుకుని మధ్యదాని కోసం ఎదురుచూస్తూ ఓడిపోవడం ఇలాంటి డెక్‌ల నిత్య రోగం. కీలకమైన కార్డు ఏదైనా రెండు ప్రతులు ఉండాలనేదీ ఈ లెక్క వల్లనే.

7. టర్న్‌లో ఏది ముందు, ఏది తర్వాత

క్రమం తప్పితే చేతిలో ఉన్న బలం కూడా పనిచేయదు. ప్రతి టర్న్‌లో ఈ వరుస పాటించండి.

ముందు పోకే బాల్. బేసిక్ ఒకటి డెక్ నుంచి బయటికొస్తే మిగిలిన డెక్‌లో మీకు కావలసినవి చిక్కబడతాయి. ఆ తర్వాత ప్రొఫెసర్స్ రీసెర్చ్. అయితే సపోర్టర్ కార్డు టర్న్‌కు ఒక్కటే. ఈ టర్న్‌లో సబ్రీనాతో గానీ జియోవానీతో గానీ పని ఉంటే రీసెర్చ్ ఆపండి. చేతిలో కార్డులు మెండుగా ఉన్నప్పుడు అలవాటుగా రీసెర్చ్ ఆడేసి, తర్వాత జియోవానీ 10 తక్కువైందని నాలుక కరచుకోవడం ఎక్కువగా జరిగే తప్పు.

తర్వాత బెంచ్, ఎవాల్వ్, ఎనర్జీ. రిట్రీట్ చేయాలంటే టర్న్‌కు ఒకసారే, దాని ఖర్చు ఎనర్జీలతో కడతారు. చివర అటాక్. అటాక్‌తో టర్న్ ముగిసిపోతుంది, కాబట్టి ఆ బటన్ నొక్కే ముందు చేతిలోని కార్డులన్నీ ఒకసారి చూడండి.

దెబ్బ లెక్క ముందే కట్టండి. ఎదుట స్టార్మీ ఈఎక్స్, హెచ్‌పీ 130, లైట్నింగ్‌కు బలహీనం. మీ పికాచూ 90, వీక్‌నెస్‌తో 110, జియోవానీతో 120. పది తక్కువ! అది బతికి తిరిగి 90 కొడుతుంది. అదే స్టార్మీ మీద ముందు టర్న్‌లలో ఎప్పుడైనా జెబ్‌స్ట్రైకాతో 30 వేసి ఉంటే ఇప్పుడు జియోవానీ కూడా అక్కర్లేదు. జెబ్‌స్ట్రైకా ఒక్క ఎనర్జీతో అవతలి బెంచ్ మీద ఉన్నదానికైనా 30 వేయగలదు. ఆట మొదట్లో దాన్ని ముందుంచి, పికాచూకు బెంచ్ మీద ఎనర్జీ పెంచుకోవడం ఈ డెక్ నడక.

సబ్రీనా ఆడితే ముందుకొచ్చేది ఎవరో ఎదుటివారే ఎంచుకుంటారు. బెంచ్ మీద నచ్చినదాన్ని లాగొచ్చనుకుని ఆడకండి. ఎనర్జీ నింపుకుని కూర్చున్న పెద్దదాన్ని ముందు నుంచి తప్పించడానికే అది. దెబ్బ తగిలి బెంచ్‌కు పారిపోయినదాన్ని మీ ఇష్టప్రకారం లాగేది సైరస్ అనే మరో సపోర్టర్.

8. పాయింట్లు లెక్కపెడుతూ ఆడండి

ఎక్కువ ఆటలు పోయేది ఇక్కడే. ఎదుటివారికి పాయింట్లు లేనప్పుడు మీ ఈఎక్స్ ఒకటి పడితే 2 పోతాయి. ఇక మీ వైపు ఏది పడినా ఓటమే, 60 హెచ్‌పీ బ్లిట్జిల్ అయినా సరే. అదే ముందు బ్లిట్జిల్ పడితే పోయింది 1. కానీ ఆపైన ఒక ఈఎక్స్ పడితే ఆట ముగుస్తుంది. కాబట్టి ఎదుటివారి దగ్గర 1 పాయింట్ చేరగానే, ముందున్న గాయపడిన ఈఎక్స్‌ను వెనక్కి తీసుకురండి. ఎక్స్ స్పీడ్ డెక్‌లో ఉన్నది దీనికే. ఒక్క ఈఎక్స్ లేని డెక్‌తో ఆడితే ఎదుటివారు మూడుసార్లు పడగొట్టాలి. ఈఎక్స్‌లు దొరకలేదని బాధపడేవారికి ఇది తెలియని లాభం.

మెగా ఈఎక్స్‌లతో మరింత జాగ్రత్త. బలం ఎంతున్నా, అది పడితే మూడూ ఒక్కసారే పోతాయి.

9. ట్రేడింగ్

2025 జనవరి 29న వచ్చిన ఈ సదుపాయం మీద అపోహలు ఎక్కువ. ట్రేడ్ గేమ్‌లోని ఫ్రెండ్స్‌తోనే జరుగుతుంది. ఇద్దరూ ఇచ్చే కార్డులు ఒకే రేరిటీవి కావాలి. నాలుగు డైమండ్లకు నాలుగు డైమండ్లు. పది చిన్న కార్డులిచ్చి ఒక పెద్దది తీసుకోవడం ఉండదు. ప్రోమో కార్డులు ట్రేడ్ కావు. పెద్ద కార్డులకు షైన్‌డస్ట్ ఖర్చవుతుంది, అది ప్యాక్‌లు తెరుస్తూ పోతే జమవుతుంది. మొదట్లో ట్రేడ్ టోకెన్లు ఉండేవి, 2025లో తీసేశారు. వాటి కోసం కార్డులు కాల్చమనే పాత వీడియోలు చూసి కంగారు పడకండి.

చేసే పద్ధతి: కావలసిన కార్డులను విష్‌లిస్ట్‌లో పెట్టండి. ఫ్రెండ్ ఐడీ ఇచ్చిపుచ్చుకోండి. ఏ కార్డుకు ఏ కార్డో ముందే మాట్లాడుకోండి. మీరు పంపాక వాళ్లు తమ కార్డు చూపిస్తారు, ఖాయం చేసే ముందు పేరు, బొమ్మ, రేరిటీ మూడూ చూడండి. ఒకే పోకెమాన్‌కు వేర్వేరు కార్డులు ఉంటాయి.  ఇవ్వబోయే కార్డు మీ దగ్గర మూడు, నాలుగు ఉంటేనే ఇవ్వండి, డెక్‌కు రెండు మిగలాలి.

డబ్బులకు కార్డులు అమ్ముతామని వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో కనిపించేవారి జోలికి పోకండి. అది గేమ్ నిబంధనలకు విరుద్ధం, అకౌంట్ పోవచ్చు. యూపీఐలో ముందు పంపిన డబ్బు తిరిగి రాదు. అకౌంట్ పాస్‌వర్డ్ అడిగేవారు కార్డు ఇవ్వడానికి అడగరు.

డబ్బు పెట్టాలనుకుంటే

పోకే గోల్డ్ 6తో ఒక ప్యాక్. కొత్తవారికి ఇది అన్నిటికన్నా ఖరీదైన దారి. ప్రీమియం పాస్‌తో రోజుకు ఒక ప్యాక్ అదనంగా వస్తుంది, మొదటి రెండు వారాలు ఉచితం. మొదటి డెక్ కట్టే రోజుల్లోనే ఆ ఉచిత కాలం వాడుకుంటే సుమారు 14 ప్యాక్‌లు మిగులు. అయితే పాస్ దానంతట అదే రెన్యూ అవుతుంది. గేమ్ డిలీట్ చేసినా సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ తెరిచి సబ్‌స్క్రిప్షన్ల దగ్గర రద్దు చేయాలి. యూపీఐతో పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా ఒకసారి చూడండి.

డెక్ కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

సోలో ఆటల్లో ఆటో నొక్కకుండా పదిసార్లు ఆడండి. గెలుపోటములు కాదు, ఇవి రాసుకోండి. మూడో టర్న్‌కు మీ ముఖ్యమైన పోకెమాన్ అటాక్ చేయగలిగిందా? చేతిలో ఆడలేని కార్డులు రెండుకు మించి ఎన్ని ఆటల్లో మిగిలాయి? ఓడినప్పుడు మీ వైపు ముందు పడింది ఈఎక్సా, మామూలుదా?

మూడో టర్న్‌కు అటాక్ పదిలో ఆరుసార్లు కూడా కుదరకపోతే, డెక్‌లో బేసిక్‌లు మరీ ఎక్కువ రకాలుగా ఉన్నాయి. రకాలు తగ్గించి ముఖ్యమైనవి రెండేసి పెట్టండి. మొదటి చేతిలో ఒక బేసిక్ ఖాయమని చెప్పుకున్నాం కదా, బేసిక్ రకాలు తగ్గే కొద్దీ అది మీకు కావలసినదే కావడానికి అవకాశం పెరుగుతుంది. ఆడలేని కార్డులు మిగులుతుంటే ఎవాల్వ్ అయ్యేవి ఎక్కువైనట్టు, ఒక జత తీసి ట్రెయినర్ కార్డులు పెట్టండి. ఒకేసారి రెండు కార్డులకు మించి మార్చకండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

సోలోలో అడ్వాన్స్‌డ్ స్థాయి తడబడకుండా గెలుస్తున్నప్పుడు ర్యాంక్డ్‌లోకి వెళ్లండి. అంతకుముందు స్నేహితులతో ఆడాలంటే ప్రైవేట్ మ్యాచ్‌లో ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ కొడితే సరిపోతుంది. కలవడం లేదంటే ఎవరో ఒకరు అక్షరం తప్పు కొట్టారు, లేదా అదే తేలిక పాస్‌వర్డ్‌తో ఎవరో అపరిచితుడు ముందే కలిశాడు. 1234 లాంటివి మానండి.